ఫెన్సింగ్‌కు అటూ ఇటూ

14 మే 2024, మంగళవారం. భడ్లా

పొద్దున్నుంచి ఫోన్ ఊపిరాడనివ్వలేదు. నిన్న ఆంధ్రాలో పోలింగ్ అయిపోయింది కదా, మడకశిర మామ, హిందూపురం చిన్నాయన, ఐటీఐలో నాతో చదివి ఆ తర్వాత పలకరించనివాళ్లు కూడా, అందరికీ ఒక్కసారే నేను గుర్తొచ్చాను. "అబ్బీ, నువ్వుండేది ఆ ఫలోడీ కాడనే కదా, బజారు ఏం చెప్తాంది?" అందరిదీ ఇదే ప్రశ్న. ఫలోడీ సట్టా బజారు పేరు మా ఊరి టీ కొట్టు దాకా పాకింది. ఎన్నికల మీదే కాదు, వాన పడుతుందా పడదా అని కూడా ఇక్కడ పందెం కాస్తారట. వానే లేని ఊళ్లో వాన మీద పందెం! వాళ్ల ధైర్యాన్ని మెచ్చుకోవాల్సిందే.

"నేనుండేది ఊళ్లో కాదు మామా, బాప్ దాటి ఇంకా లోపల, ఇసకలో" అంటే మామ నమ్మడు. "ఇసకలో ఏం చేస్తావు రా?" అన్నాడు. ఏం చెప్పేది? పద్నాలుగు వేల ఎకరాల్లో ప్యానెళ్లు పరిచి, 2,245 మెగావాట్ల పార్కు కట్టారు, అందులో ఒక మూల నా షిఫ్టు, అని చెప్పాను. "మన పావగడ సోలార్ పార్కు కంటే పెద్దదా?" అన్నాడు. కాస్త పెద్దదేనన్నాను. దానికి నొచ్చుకున్నాడు.

ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్దది మాదేనని గేటు దగ్గర గొప్పగా చెప్పుకునేవాళ్లం. ఇప్పుడు చైనావాళ్లు దాటేశారు. గుజరాత్‌లో ఖావ్డా పూర్తయితే ఇంట్లో కూడా మనం రెండోవాళ్లమే.

25 మే, శనివారం

ఫలోడీలో ఈరోజు 50 డిగ్రీలు. 2016 మే 19న ఇదే ఊళ్లో 51 నమోదైంది, దేశంలో అదే ఇప్పటికీ రికార్డు. క్యాంటీన్లో వంటవాడు ఆ సంగతి తన సొంత ఆస్తి లెక్కన చెబుతాడు.

ఎండ ఎంత మండితే కరెంటు అంత వస్తుందని మావాళ్లంతా అనుకుంటారు. ప్యానెల్‌కు కావాల్సింది వెలుతురు, వేడి కాదు. దాని వీపు మీద అచ్చేసిన వాట్లు సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు కొలిచినవి. అక్కణ్నుంచి ఒక్కో డిగ్రీ పెరిగే కొద్దీ నూటికి 0.35 నుంచి 0.4 దాకా కోత. మధ్యాహ్నం ఒక ప్యానెల్ వెనక సెన్సర్ అంటించి చూస్తే 74 చూపించింది. అంటే ఆరో వంతుకు పైనే గాలికి పోయింది. ఇన్వర్టర్లూ అంతే, ఒంట్లో వేడి మితిమీరితే తమంతట తామే పని తగ్గించుకుంటాయి. మాకు అసలైన పంట ఫిబ్రవరి, మార్చిల్లో. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి చల్లగా తగులుతుంటే స్క్రీన్ మీద గీత గోపురంలా లేస్తుంది. మే గీత పైన చదునుగా, నలిగినట్టు ఉంటుంది.

ఇంకొకటి, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి వచ్చేది గడియారంలో పన్నెండుకు కాదు, పన్నెండూ నలభైకి. దేశమంతటికీ ఒకటే టైము, ఆ టైము గీత మాకు తూర్పున చాలా దూరం. సాయంత్రం ఏడు దాటినా ఎండ పొడ ఉంటుంది. పావగడలో అమ్మ దీపం పెట్టి ఫోన్ చేసేసరికి నేనింకా టోపీ తియ్యను.

పన్లన్నీ పొద్దున అయిదు నుంచి పదకొండు లోపలే. అయినా ఈరోజు ఒంటిగంటకు బయటికి పోవాల్సొచ్చింది. థర్మల్ కెమెరాలో ఒక వరుస కింద తెల్లటి చుక్క. దగ్గరికెళ్లి చూస్తే ఎంసీ-4 కనెక్టర్, రెండు కొసలు కలిసే చోట ప్లాస్టిక్ బుడగలెత్తి, ఒక పక్క కరిగి కిందికి జారి గట్టిపడింది. కట్టినప్పుడు ఎవరో క్రింపు సరిగా నొక్కలేదు. లోపల రాగి వదులైతే అక్కడ నిరోధం, నిరోధం ఉన్న చోట వేడి, వేడికి ఇంకా వదులు. ఏళ్లు పట్టినా చివరికి ఇంతే. కొత్తగా వచ్చిన కుర్రాడు చెయ్యి పెట్టబోతే ఆపాను. వెయ్యి వోల్టుల డీసీ. ఏసీ అయితే సెకనుకు వంద సార్లు సున్నాకొచ్చి పోతుంది, ఆర్క్ తెగడానికి సందు దొరుకుతుంది. డీసీ ఆర్క్‌కు ఆ సందు లేదు, పట్టిందంటే కాల్చి గానీ వదలదు. ముందు కాంబైనర్ బాక్సులో స్విచ్ ఆపాలి, తర్వాత క్లాంప్ మీటరు పెట్టి కరెంటు సున్నా అని కళ్లతో చూడాలి, అప్పుడే ఫ్యూజు లాగి కనెక్టర్ విప్పాలి. స్పానర్‌ను తడి గుడ్డలో చుట్టి పట్టుకున్నా అరచెయ్యి చురుక్కుమంది.

రాత్రి అన్నం సయించలేదు. వంటవాడు రాబ్డీ ఇచ్చాడు, సజ్జపిండి మజ్జిగలో కాచింది. రెండు లోటాలు తాగి పడుకున్నా.

2 జూన్, ఆదివారం

క్యాంటీన్లో పండగ. ఢిల్లీ ముంగేష్‌పూర్‌లో మొన్న 52.9 అని ఊరంతా గోల చేశారు కదా, అది సెన్సర్ తప్పట, మూడు డిగ్రీలు ఎక్కువ చూపించిందని వాతావరణ శాఖ చెప్పింది. "రికార్డు మనదే" అని వంటవాడు అందరికీ జిలేబీ పంచాడు.

జిలేబీ చేతిలో ఉండగానే పడమట ఆకాశం గోధుమ రంగుకు తిరిగింది. ఆంధీ. నేల నుంచి ఆకాశం దాకా గోడ, మనవైపే నడిచొస్తున్నట్టు. కంట్రోల్ రూమ్ నుంచి ట్రాకర్లన్నిటినీ పడుకోబెట్టారు, నిటారుగా ఉంటే గాలి పట్టి విరిచేస్తుంది. పావు గంటలో ట్యూబ్‌లైట్లు వేసుకోవాల్సినంత చీకటి. స్క్రీన్ మీద గీత కొండ మీంచి జారిపడ్డట్టు పడింది.

గాలి వెళ్లిపోయాక ప్యానెళ్ల మీద దుమ్ము, మెత్తగా, శనగపిండి చల్లినట్టు. ఇక్కడ నీళ్లతో కడగడం కుదరని పని. ఉన్న నీళ్లు పంజాబ్‌లో సట్లెజ్, బియాస్ కలిసే చోటి నుంచి ఇందిరాగాంధీ కాలువలో ఇంత దూరం వచ్చేవి. అవి తాగడానికి. అందుకని రాత్రిళ్లు రోబోలు. వరుస చివర్న అరుగు మీద పడుకుని ఉంటాయి, పగలు వాటి చిన్న ప్యానెల్‌తో అవే ఛార్జి చేసుకుంటాయి, చీకటి పడ్డాక మెత్తటి బ్రష్షు తిప్పుకుంటూ వరుస పొడవునా పోయి వస్తాయి. చుక్క నీరు అక్కర్లేదు. ఈ రాత్రి నిద్ర పట్టక బయట కూర్చుంటే ఆ గరగర చాలాసేపు వినిపించింది.

పావగడలో ఇదే పని మా ఊరి ఆడవాళ్లకు కూలి. ఇక్కడ రోబో వచ్చాక ఆ కూలీ లేదు. నీళ్లు మిగిలాయి, పని పోయింది. రెండూ నిజమే.

5 జూన్, బుధవారం

ఫలితాలొచ్చాయి. మామ ఫోన్ చెయ్యలేదు. పందెంలో ఎంత పోయిందో అత్త చెప్పింది, ఇక్కడ రాయను.

23 జూన్, ఆదివారం

గేటు దగ్గర గార్డుగా చేసే కుర్రాడు వాళ్ల ధాణీకి రమ్మని ఎన్నాళ్లుగానో పిలుస్తున్నాడు. ఇవాళ పోయాను. ఫెన్సింగ్‌కు ఉత్తరాన, ఇసకలో నాలుగు గుండ్రటి గుడిసెలు, ఒక సిమెంటు గది, ఒక టాంకా. నేల చుట్టూ వాలుగా చదును చేసి, పడిన వాన చినుకంతా మధ్యలోని గుండ్రటి తొట్టిలోకి చేరేలా కట్టింది. మూతకు తాళం ఉంది. బంగారానికి తాళం వేసినవాళ్లను చూశాను, నీళ్లకు వేసింది ఇక్కడే చూశా.

కుర్రాడి పెదనాన్నను అందరూ కాకోసా అంటారు, నేనూ అలాగే పిలిచాను. గొర్రెలు, మేకలు, మూడు ఒంటెలు. ఎర్ర తలపాగా, చెవులకు బంగారు పోగులు. కేర్ సాంగ్రీ కూర, సజ్జ రొట్టె పెట్టారు. సాంగ్రీ అంటే ఖేజ్డీ చెట్టు కాయ. చెట్టు చూపించమంటే గుడిసె వెనక్కి తీసుకుపోయాడు. చూసి నవ్వొచ్చింది. మన జమ్మి! సన్నటి ఆకు, చిన్న ముల్లు, పగుళ్ల బెరడు. ఇన్నాళ్లూ దీని కాయలు క్యాంటీన్లో తింటూ ఏదో రాజస్థానీ కూరగాయ అనుకున్నానే. రాజస్థాన్‌కు ఇదే రాష్ట్ర వృక్షం, తెలంగాణకూ ఇదే. ఆకు మేకలకు, కాయ మనుషులకు, కొమ్మ పొయ్యికి, నీడ అందరికీ. దీని కింద సజ్జ పంట మిగతా చోటికంటే బాగా వస్తుందని కాకోసా చెప్పాడు.

భోజనం అయ్యాక ఆయనే ఎత్తాడు. మునుపు బావి దగ్గర నీళ్లు తాపి మందను తోలితే తిన్నగా ఓరణ్‌కు పోయేవట. ఓరణ్ అంటే దేవుడి పేర వదిలిన అడవి, అక్కడ గొడ్డలి ఎత్తరు, మేత మాత్రం అందరిదీ. ఇప్పుడు మధ్యలో మా ఫెన్సింగ్. చుట్టు తిరిగి పోవాలి, పోయేసరికి ఎండ ఎక్కుతుంది, గొర్రె కదలదు. "గొర్రెలు తగ్గించుకున్నా సాబ్. మేత ఉంది, దారి లేదు."

"మీకు డబ్బేమీ ఇవ్వలేదా కాకోసా?" అన్నాను.

"కాగితం ఉన్నవాళ్లకు ఇచ్చారు. మాది సర్కారు భూమి. మా తాతలు మేపారు. మేపినదానికి కాగితం ఎక్కడుంటుంది?"

కోపంగా అనలేదు. ఒంటె వీపు మీద పేలు ఏరుతూ అన్నాడు.

వెనక్కొచ్చేటప్పుడు నాయిన గుర్తొచ్చాడు. పావగడలో మా ఆరెకరాలూ సోలార్ కిందే ఉన్నాయి. అక్కడ భూమి కొనలేదు, కౌలుకు తీసుకున్నారు, పదమూడు వేల ఎకరాలు. ఎకరాకు ఏడాదికి 21,000, రెండేళ్లకోసారి 5 శాతం పెంపు. మొదలైనప్పుడు శనక్కాయ వేసి వానకోసం ఎదురుచూసే మా నాయినకు అది దేవుడిచ్చిన వరం. అప్పు తీరింది, చెల్లెలి పెళ్లయింది, నా డిప్లొమా ఆ డబ్బుతోనే. పట్టాలో నాయిన పేరుంది కాబట్టి. మా చేలో కలుపు తీసి, కాయ కోసి బతికిన కూలోళ్లకు? వాళ్ల పేరు ఏ కాగితంలోనూ లేదు. సగం మంది బెంగళూరు పోయారు, కట్టడాల పనికి. ఆ రోజుల్లో ఈ సంగతి మా ఇంట్లో ఎవరమూ మాట్లాడుకోలేదు. మాట్లాడాల్సిన అవసరం మాకు రాలేదు మరి.

2017 మేలో ఇక్కడి వేలంలో యూనిట్ 2 రూపాయల 44 పైసలకు దిగింది. దేశమంతా నివ్వెరపోయింది, బొగ్గు కరెంటు కంటే చవకని పేపర్లు రాశాయి. ప్యానెళ్ల ధర పడింది, వడ్డీ తగ్గింది, ఎండ బాగుంది, నిజమే. భూమి కూడా చవక. ఎందుకు చవకంటే కాగితాల్లో అది బంజరు.

18 జూలై, గురువారం

వాన. పావు గంట. గేటు దగ్గర గార్డులంతా చొక్కాలు విప్పి నిలబడ్డారు. ప్యానెళ్లు కడిగిన పళ్లేల్లా తళతళ. వాన వెలిశాక జనరేషన్ పెరిగింది. గ్రిడ్ నుంచి కబురొచ్చింది, కాస్త తగ్గించండని. లైన్లలో చోటు లేదట. పండించినదాన్ని అమ్ముకోలేక పారబోసే బాధ మా టమాటా రైతులకే అనుకున్నా.

9 ఆగస్టు, శుక్రవారం

జైసల్మేర్ వైపు ఒక సబ్‌స్టేషన్‌కు పోయి వచ్చా. దారి పొడవునా తీగలకు చిన్న చిన్న పలకలు వేలాడుతున్నాయి, గాలికి తిరుగుతూ. గోడావణ్ పిట్టలు తీగలకు తగలకుండా కట్టారు. గోడావణ్ అంటే మన బట్టమేక పిట్ట. పదిహేను కిలోల దాకా బరువు, చూపు పక్కలకు ఉంటుంది గానీ ఎదురుగా తక్కువ. ఎగురుతూ వచ్చి తీగను చూసేసరికి పక్కకు తిప్పుకోలేదు. దేశం మొత్తం మీద మిగిలినవి నూట యాభై అటూ ఇటూ, వాటిలో ఎక్కువ ఇక్కడే. ఆ పిట్టలున్న ప్రాంతాల్లో తీగలు భూమిలోంచి వెయ్యమని సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో చెప్పింది. ఈ ఏడాది మార్చిలో ఆ ఆదేశాన్ని సడలించి, ఎక్కడ సాధ్యమో తేల్చమని నిపుణుల కమిటీ వేసింది.

ఓర్వకల్లు దగ్గర శకునాల ప్లాంటులో పని నేర్చుకునే రోజుల్లో ఒక సెలవునాడు రోళ్లపాడు పోయాం, బట్టమేక పిట్ట కోసమే 1988లో పెట్టిన అభయారణ్యం. కృష్ణజింకలు కనిపించాయి. పిట్ట బొమ్మ బోర్డు మీద ఉంది, పిట్ట లేదు.

నా పక్కన కూర్చున్న ఇంజనీరు, మంచివాడే, "ఒక్క పిట్ట కోసం ఇంత కరెంటు ఆపుతారా" అన్నాడు. నేనేమీ అనలేదు. అనాల్సిందేమో. కానీ నేను వద్దనాల్సింది కరెంటును కాదు. బొగ్గు మండిస్తే ఈ ఎడారి ఇంకా మండుతుంది, అప్పుడు పిట్టా ఉండదు, కాకోసా గొర్రే ఉండదు. తీగ ఏ దారిన పోవాలి, ఫెన్సింగ్ ఎక్కడ సందు వదలాలి, ఇవి ముందే అడగాల్సినవి. అడిగితే యూనిట్‌కు ఇంకో పైసో రెండు పైసలో పడేది.

13 సెప్టెంబర్, శుక్రవారం

ఖేజడ్లీ మేళా. జోధ్‌పూర్ పక్కనే ఊరు. భాద్రపద శుద్ధ దశమికి ఏటా జరుగుతుంది. గార్డు కుర్రాడు ఈ మేళా జరిపే బిష్ణోయిల్లో వాడు కాదు, అయినా "చూడాలి సాబ్" అని తీసుకుపోయాడు. తెల్ల బట్టల్లో మగవాళ్లు, ఎర్ర బట్టల్లో ఆడవాళ్లు, వాళ్ల ఒంటి మీద ఉన్నంత బంగారం మా వైపు పెళ్లికూతుళ్లకు కూడా ఉండదు.

1730లో మార్వాడ్ రాజు కోట పనికి సున్నం కాల్చాలని కట్టెల కోసం ఇక్కడికి మనుషుల్ని పంపాడు. అమృతాదేవి అనే బిష్ణోయి ఆమె ఖేజ్డీ చెట్టును కౌగిలించుకుని నిలబడింది. ఆమెనూ నరికారు, కూతుళ్లనూ నరికారు. తర్వాత ఒకరి వెనక ఒకరు, మొత్తం 363 మంది. స్తూపం దగ్గర పేర్లున్నాయి. చదువుతూ నిలబడితే వెనక నుంచి జనం తోశారు.

మేళాలో ఒక పక్క మైకులో ప్రసంగాలు. బికనేర్ వైపు సోలార్ ప్లాంట్ల కోసం ఖేజ్డీలు నరుకుతున్నారని, అక్కడ ధర్నాలో ఉన్నవాళ్లకు అండగా నిలవాలని. పాత కౌలుదారీ చట్టం ప్రకారం చెట్టు నరికితే జరిమానా వంద రూపాయలట, ఎండబెట్టిన కాయ కిలో ధర అంతకు పదింతలు. నా చొక్కా జేబు మీద కంపెనీ బొమ్మ కుట్టి ఉంది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక ముసలామె ప్రసాదం చేతిలో పెట్టి, బొమ్మ వైపు చూసి, ఇంకొంచెం పెట్టింది.

12 అక్టోబర్, శనివారం. విజయదశమి

తెలుగువాళ్లం, కన్నడవాళ్లం కలిపి క్యాంపులో బాగానే ఉన్నాం. ఆయుధపూజ నిన్ననే, ఇన్వర్టర్లకు పసుపు కుంకుమ పెట్టి, సేఫ్టీవాళ్లు చూడకుండా ఒక నిమ్మకాయ కూడా. ఇవాళ జమ్మి కావాలి. కన్నడవాళ్లకూ ఇదే చెట్టు, బన్ని అంటారు. మా ఫెన్సింగ్ లోపల వెతికితే ఒక్కటీ లేదు. ఇన్ని వేల ఎకరాల్లో పూజకు ఒక చెట్టు మిగల్లేదా అని కర్నూలు కుర్రాడు కంట్రోల్ రూమ్‌లో అరిచాడు. నీడ పడితే జనరేషన్ పోతుందని ఎవరో జవాబిచ్చారు. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా వరుసంతా నీరసిస్తుంది, ఆ మాట నిజమే.

సాయంత్రం కాకోసా దగ్గరికే పోయాం. కొమ్మ విరవనివ్వలేదు. "ఆకు కావాలంటే తీసుకోండి, కిందవి" అన్నాడు. ఏరుకుని ఒకరికొకరు బంగారమని ఇచ్చుకున్నాం. ఆయన చేతిలోనూ పెట్టి కాళ్లకు దణ్ణం పెడితే ఇబ్బంది పడ్డాడు. ఎందుకని అడిగాడు. పాండవులు ఆయుధాలు దాచిన చెట్టని చెప్పాను. "అయితే మీ ఊళ్లోనూ దీన్ని కొట్టరా?" అన్నాడు. పండగనాడు కొట్టరు అన్నాడు మా కర్నూలు కుర్రాడు.

27 అక్టోబర్, ఆదివారం

నాయిన ఫోన్. కౌలు డబ్బు పడిందట. పక్కింటాయన కొడుకు తమకు మిగిలిన రెండెకరాలు కూడా సోలార్‌కు ఇచ్చెయ్యాలా అని నాయిన సలహా కోసం తిరుగుతున్నాడట, "ఏమంటావు?" అని అడిగాడు. ఆలోచించి చెప్తా అన్నాను. నిజానికి నాయిన అప్పటికే సరేనన్నాడని ఆ గొంతులోనే తెలిసింది.

ఇక్కడ కూడా ఉత్తరం వైపు విస్తరణ. శుక్రవారం సర్వేవాళ్లతో నడవమని నన్ను పంపారు. కాకోసా ధాణీకి ఇటుపక్క దాకా పోయాం. వాళ్లు జీపీఎస్ పట్టుకుని పోతుంటే నేను ఫారం నింపాలి. అందులో ఒక గడి, "భూమి ప్రస్తుత వినియోగం". పాత ఫారాలు తిరగేస్తే అన్నింటిలోనూ ఒకటే మాట, ఖాళీ. నేను ఇలా రాశాను: మేత భూమి. గొర్రెలు, మేకలు, ఒంటెలు. బావికీ ఓరణ్‌కూ మధ్య మందల దారి, తూర్పు పడమరలుగా. టాంకా ఒకటి. జమ్మి చెట్లు 31, ఒక్కొక్కదాని చుట్టుకొలత విడిగా జత చేశాను.

మేనేజరు నిన్న పిలిచాడు. గడి చిన్నది, ఇంత పట్టదు, "ఖాళీ, కొద్దిపాటి చెట్లు" అని మార్చి ఇవ్వు అన్నాడు. పట్టకపోతే వేరే కాగితం మీద రాసి పిన్ను కొడతాను సార్ అన్నాను. కాసేపు నన్నే చూసి, సోమవారం మాట్లాడదాం అన్నాడు. ఆ కాగితం రాత్రి రాశాను. మందల దారి బొమ్మ కూడా వేశాను, కొలతలతో. కాకోసా చెప్పిన వెడల్పు సరిపోతుందో లేదో రేపు షిఫ్టుకు ముందు ఒకసారి కొలిచి రావాలి.